ఇప్ప చెట్టు కింద నివాసి

తాలిపేరు వాగు రెండుసార్లు పొంగి, రెండోసారి సంతలో సరుకు కొనే సేఠ్ తక్కెడను మాత్రం తీసుకుపోయిన వరద ఏడాది, ఈ దేశంలో యుద్ధ ట్యాంకు సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. (తక్కెడ మళ్ళీ దొరకలేదు. తూకంలో తేడా ఏమీ రాలేదు.)

ట్యాంకు దేనికి అని అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్పాను. మేకలకు.

మా తర్రెం వైపు ఇప్ప చెట్టుకు కాగితం ఉండదు, మనిషి ఉంటాడు. ఏ చెట్టు ఏ ఇంటిదో అందరికీ తెలుసు. పువ్వు రాలే రోజుల్లో ఇంటి తలుపు దగ్గరికేసి చెట్టు కిందే కాపురం. ఒకరి చెట్టు కింద పువ్వు ఇంకొకరు ముట్టరు. పక్కింటి ఉంగకు ఈ కట్టుబాటు తెలుసు. అతని మేకలకు ఎవరూ చెప్పలేదు. అవి పొద్దు పొడవకముందే వచ్చి, తిని, మర్యాదగా వెళ్ళిపోయేవి. వాటి వెంటపడే పని నా మోకాళ్ళు మానేసి రెండేళ్ళయింది. ఆ పువ్వు అమ్మితేనే నాకూ నా భార్య నందేకూ ఏడాదికి ఉప్పు, నూనె, బట్ట. ఆ ఏడు కూడా మేకలే తింటే, మేము మేకల్ని చూస్తూ కూర్చోవాలి.

బాసగూడలో ఆన్‌లైన్ దుకాణం పెట్టుకున్న కమలేష్ ఫోనులో ఒక వీడియో చూపించాడు. మూరెడు ట్యాంకు. చేతిలో రిమోట్ నొక్కితే అది ఉరికి ఒక కుక్కను గోడ ఎక్కించింది. కుక్కే ఎక్కితే మేక ఎంత దాదా అన్నాడు. (గోడలెక్కడానికే మేకలు పుట్టాయన్న సంగతి అప్పుడు ఇద్దరికీ తోచలేదు.)

కొందామంటే యాప్ నా పేరు అడిగింది. నా మూడు కార్డుల్లో పేరు మూడు రకాలుగా ఉంది: కేసా, కేశవ్, కైసే. మూడింటినీ యాప్ ఒప్పుకోలేదు, ఒకదాన్ని చూసి ఇంకొకటి అబద్ధమంది. కమలేష్ విసిగి, ఏ కార్డులోనూ లేని పేరు వేస్తే గొడవ ఉండదని 'ట్యాంకు' అని కొట్టాడు. వెంటనే ఒప్పుకుంది. చిరునామా అడిగితే, పువ్వు రోజుల్లో నేనుండేదే చెప్పాను: ఇప్ప చెట్టు కింద, తర్రెం దారి.

అలా ట్యాంకు, ట్యాంకు పేరు మీదే, చెట్టు కిందికి బయలుదేరింది. పెట్టె మీద ఆ పేరు చూసి గీదం నుంచి మా దాకా మూడు చోట్ల పోలీసులు విప్పారు, మూడు చోట్లా రసీదు మీద ముద్ర కొట్టి తిరిగి టేపు వేశారు. వచ్చేసరికి ట్యాంకు కంటే టేపు ఎక్కువుంది. ఆ టేపుతో మా పొయ్యి మీది రేకు అతికించాము. ప్రభుత్వం నుంచి మా ఇంటికి నేరుగా అందిన సాయం అదొక్కటే.

లోపల ముక్కలున్నాయి, బొమ్మల పుస్తకం ఉంది. నందే ఒక్క పూటలో బిగించింది. బుట్ట అల్లడం కంటే ఇదే సులువు, బుట్టకు ఎవరూ పుస్తకం ఇవ్వరు అంది. రెండు మరలు మిగిలాయి. అవి లేకుండానే నడిచింది కాబట్టి, వాటిని పెట్టినవాడిదే తప్పని తేల్చింది.

మర్నాడు ట్యాంకు మేకల మీదికి వెళ్ళింది. పువ్వు రసానికి ప్లాస్టిక్ పట్టాలు జారి, ఉన్నచోటే గిరగిర తిరిగింది. మేకలు కాసేపు చూశాయి. పెద్దది వచ్చి నాకింది. ఇంకొకటి యాంటెనా తినేసింది. ఉంగ చూసి నిలబడ్డాడు.

"ఏంది మామా, నా మేకలకు ఆటబొమ్మ తెచ్చినవా?"

నేను ట్యాంకును చంకలో పెట్టుకున్నాను. యుద్ధంలో మొదటి రోజు ఎవరూ ఏమీ అనకూడదు.

ఇనుప పట్టాలు, పెద్ద బ్యాటరీ, గర్జించే స్పీకరు వేయిస్తే పని జరుగుతుందని కమలేష్ చెప్పాడు. వాటికి యాప్ కారణం అడిగింది. ప్రదర్శన, పోటీ, ఇతరం. నేను అబద్ధమాడను కాబట్టి ఇతరం నొక్కించాను. ఇతరానికి 'చలన బొమ్మల వర్గీకరణ విభాగం' నుంచి ధ్రువపత్రం కావాలట. (అలాంటి విభాగం ఉన్నట్టు మాకు తెలియదు. మేము ఉన్నట్టు దానికీ తెలియదు. అక్కడికి సమానమే.)

వెళ్ళి చూస్తే విభాగం అంటే ఒక గది, ఒక బీరువా, శ్యామ్‌ప్రసాద్ గారు. ఆయన తండ్రి కిరండూల్ రైలు పనికి విజయనగరం వైపు నుంచి వచ్చాడట. తెలుగు మాట్లాడే మనిషి దొరికాడని ఆయన సంతోషించి, హిందీ ఫారం ఇచ్చాడు. తరువాత నియమాలు ఓపికగా వివరించాడు. ప్లాస్టిక్ పట్టా ఉంటే బొమ్మ. ఇనుప పట్టా వేస్తే వాహనం. గర్జిస్తే జంతువు. ఇవన్నీ ఉండి, పైగా చిరునామా కూడా ఉంటే, నివాసి.

ఇది దేన్ని కాపాడుతుందని అడిగాడు. చెట్టును అన్నాను. చెట్టు కాగితం అడిగాడు. మా తాత దాని కింద పడుకునేవాడు అన్నాను.

"పడుకున్నట్టు కాగితం ఏటైనా ఉందా తాతా?"

పడుకునేటప్పుడు ఎవరూ ఇవ్వలేదన్నాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. కాగితం లేని చెట్టు ఎవరిదీ కాదు, నా పేరున రాయలేను అన్నాడు. తరువాత పార్సిల్ రసీదు తిప్పి చూశాడు. ముఖం వెలిగింది. పేరు ట్యాంకు. చిరునామా ఇప్ప చెట్టు కింద. తేదీ ఉంది, మూడు చోట్ల తనిఖీ ముద్రలున్నాయి. ఇంత బలమైన రుజువు ఈ బ్లాకులో ఇంకెవరికీ లేదని, లేచి నిలబడి మరీ చెప్పాడు.

ధ్రువపత్రం అప్పుడే రాశాడు. నివాసి: ట్యాంకు. చెట్టు కింద రాలిన పువ్వు మీద హక్కు: ట్యాంకుది. బయటివాళ్ళు నివాసి అనుమతి లేకుండా ఏరరాదు.

బయటివాళ్ళంటే మేకలేనా అని అడిగాను. చిరునామా రుజువు లేనివాళ్ళంతా అన్నాడు.

చివరి గడి మిగిలింది. "నువ్వు దీనికేటవుతావు?" తండ్రి, భర్త, సంరక్షకుడు అని మూడున్నాయి. సంరక్షకుడికి నివాస పత్రం కావాలట. తండ్రికి జనన పత్రం. భర్త గడిని ఆయన వేలితో కప్పేశాడు. ఆయనే 'ఇతరం' అని రాసి ముద్ర కొట్టాడు.

ఇంటికి వచ్చి నందేకు చదివి వినిపించాను. మూడు తరగతుల చదువు అంతవరకూ సరిపోయింది.

"తాతల చెట్టును బొమ్మకిచ్చి వచ్చినవా?" అంది.

మర్నాడు పొద్దు పొడవకముందే చెట్టు కిందికి వెళ్ళాను. ఉంగ మేకలు అప్పటికే తింటున్నాయి. ట్యాంకును చెట్టు మొదలు దగ్గర పెట్టి, కాగితాన్ని దాని కింద పెట్టి, పువ్వు ఏరుకోనా అని చేతులు కట్టుకుని అడిగాను. ముద్ర ఉన్నవాళ్ళలో నన్ను కాగితం అడగనిది అదొక్కటే.