రెప్పపడని సంఘంలో దొంగరోగి

మా ఆవిడ అర్ధరాత్రి ఒంటరిగా కూర్చుని నవ్వుతోందని తెలిసినప్పుడు నాకు ముందు భయం వేసింది, తరువాత అనుమానం వేసింది. ఆ తరువాత వేసినదాని పేరు చాలా రోజులు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. దాన్ని కుళ్లు అంటారు.

మీ దగ్గర దాచడమెందుకు, నాకు నిద్ర ఎక్కువ. లిఫ్టు మెకానిక్కుని. పగలంతా పదేసి అంతస్తుల భవనాల్లో మోటార్లు విప్పి, బోల్టులు బిగించి ఇంటికొచ్చి తొమ్మిదిన్నరకి మంచమెక్కితే, ఆరింటిదాకా నన్ను ఎవరైనా ఎత్తుకెళ్లి వేరే ఇంట్లో పడుకోబెట్టినా తెలియదు. గుర్రు కూడా పెడతానట. నేనెప్పుడూ వినలేదు కాబట్టి నమ్మేవాణ్ణి కాదు.

మా ఆవిడకు కీళ్లవాతం. మూడేళ్లయింది. రాత్రయ్యేసరికి వేళ్లు, మణికట్లు, మోకాళ్లు అన్నీ కూడబలుక్కుని మేలుకుంటాయి. పడుకుంటే నొప్పి ఎక్కువవుతోందని ముందుగదిలో వాలుకుర్చీలో కూర్చుంటుంది. "ఎలా ఉంది?" అని నేను రోజూ పొద్దున్నే అడుగుతాను. "బాగానే ఉందండీ" అంటుంది. "తగ్గిపోతుందిలే" అంటాను. ఈ మూడు మాటలతోనే మూడేళ్లు నెట్టుకొచ్చాము.

ఆ రాత్రి దాహం వేసి లేచాను. ముందుగదిలోంచి నవ్వు వినబడింది. ఏదో మొహమాటపు నవ్వు కాదు, నోట్లో దుప్పటి కుక్కుకున్నా ఆగని నవ్వు. పెళ్లయిన కొత్తలో నేను స్కూటరుకి స్టాండు వేశాననుకుని దిగి, దానితోపాటే పడిపోయినప్పుడు అలా నవ్వింది. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని. దాహం సంగతి మరిచిపోయి తలుపు పక్కనే నిలబడిపోయాను.

చివరికి లోపలికి వెళ్లి, "ఏమిటా నవ్వు?" అన్నాను.

ఫోను ఒళ్లో బోర్లా పెట్టేసింది. "ఏం లేదండీ. మీరు పడుకోండి."

"నాకూ చెప్పొచ్చుగా. నేనూ నవ్వుతాను."

"మీకు అర్థం కాదు. ఇది నిద్రపట్టనివాళ్ల నవ్వు. మీకు అర్హత లేదు."

ఇరవై రెండేళ్ల కాపురంలో నాకు అర్హత లేదని ఆవిడ అనడం అదే మొదటిసారి. పెళ్లిచూపుల్లో వాళ్ల నాన్న అన్నాడు గానీ, అది వేరే సంగతి.

మర్నాడు కాఫీ దగ్గర ఆరా తీశాను. దాచలేదు, చెప్పింది. ఫోనులో ఒక గుంపు ఉందట. పేరు రెప్పపడని సంఘం. జబ్బుల వల్ల నిద్ర కరువైనవాళ్లు ఎక్కడెక్కడి వాళ్లో చేరారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. రాత్రి ఒంటిగంటకు తెరుస్తారు, తెల్లవారితే మూసేస్తారు. దీనికి పెద్ద ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్సు. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటూ, మిగతా నాలుగు రోజులూ అందరికీ క్రమశిక్షణ నేర్పుతుంది. ఇంకొకాయన ఆయాసం మనిషి, ఆయన్ని ఇంజను అంటారు. మా ఆవిడ పేరు తుప్పు మహారాణి.

"ఆ పేరు ఎవరు పెట్టారు?" అన్నాను కోపంగా.

"నేనే పెట్టుకున్నాను. మా సంఘంలో ఓదార్పు నిషేధం అండీ. 'తగ్గిపోతుందిలే' అని ఎవరైనా అంటే జరిమానా పడుతుంది. తెల్లారేలోగా ఒక జోకు చెప్పాలి."

"నన్ను చేర్పించరాదూ?"

"జబ్బు లేనివాళ్లను చేర్చుకోరు" అని కప్పు పట్టుకుని లేచింది.

అప్పుడు పుట్టింది నాకు ఆలోచన. నాకు ఆఫీసువాళ్లిచ్చిన డ్యూటీ ఫోను ఒకటుంది. ఆ నంబరు మా ఆవిడకు తెలియదు. దానిలోంచి దొంగపేరుతో చేరి, ఆవిడను కడుపుబ్బ నవ్వించి, ఒకనాడు "ఆ మహానుభావుణ్ణి నేనే" అని బయటపడాలి. ఆవిడ ఆశ్చర్యపోవాలి. ఆ తరువాత మళ్లీ నన్ను చూసి నవ్వాలి. పథకం మొత్తం ఇంతే. నా పథకాలన్నీ చెప్పేటప్పుడు బాగుంటాయి.

ఆ రాత్రి అలారం పెట్టుకుని లేచి, దుప్పటి ముసుగేసుకుని, మా ఆవిడ ఫోనులోంచి సాయంత్రమే నంబరు రాసుకుని ఉంచుకున్న హెడ్మిస్ట్రెస్సుకి దరఖాస్తు పెట్టాను. గుంపులో అందరి ముందే ఇంటర్వ్యూ మొదలుపెట్టింది.

"జబ్బేమిటి?"

"కీళ్లవాతం" అని రాశాను. నాకు తెలిసిన జబ్బు అదొక్కటే.

"నిద్రపోయి ఎన్నాళ్లయింది?"

"మూడేళ్లు."

"చివరి రిపోర్టులో ఏముంది?"

దానికీ సిద్ధంగానే ఉన్నాను. మా ఆవిడ ఫైలు సాయంత్రమే బీరువాలోంచి తీసి దిండు కింద పెట్టుకున్నాను. టార్చి వేసి, ఒక్క లైను వదలకుండా నిజాయితీగా దించాను. ఇ.ఎస్.ఆర్. డెబ్బై ఎనిమిది. హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర. ఆ కింద స్కానింగు కాగితం కూడా ఉంది. లివరు నార్మల్, కిడ్నీలు నార్మల్, యూటరస్ నార్మల్.



తరువాత హెడ్మిస్ట్రెస్సు రాసింది. "మీరు మగవారే కదూ?"

"అవునండీ."

"అయినా అది నార్మల్‌గానే ఉందన్నమాట. సంతోషం. చేర్చుకున్నాం."

ఆ వెంటనే ముందుగదిలో నవ్వు మొదలైంది. వాలుకుర్చీ కిర్రుకిర్రుమంటోంది. నవ్వలేక దగ్గింది, మళ్లీ నవ్వింది. ఎందుకు నవ్వుతోందో నాకు తెలియదు, కానీ నవ్వించింది నేనే. చీకట్లో ముసుగులో పడుకుని నేనూ నవ్వాను. గోడకు అటు ఆవిడ, ఇటు నేను. మధ్యలో లేచి వెళ్లి పక్కన కూర్చోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. వెళితే పథకం పాడైపోతుందని పడుకున్నాను. యూటరస్ అంటే గర్భసంచి అని మర్నాడు మందుల షాపాయన చెప్పాడు. ఆ షాపుకి నేను మళ్లీ వెళ్లలేదు.

పగలు మాత్రం నా తల ప్రాణం తోకకొచ్చింది. రాత్రంతా రోగం నటించి పగలు పనిచేయడం మాటలు కాదు. మూడో రోజున ఒక భవనంలో లిఫ్టును మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆపి, వైర్లు చూద్దామని లోపల ఒక్క నిమిషం కూర్చున్నాను. లేచేసరికి రెండు గంటలు గడిచాయి. ఎనిమిదో అంతస్తులో ఉన్న పళ్ల డాక్టరు దగ్గరికి రోగులు మెట్లెక్కి వెళ్లారట. సగంమందికి పైకి వెళ్లేసరికి పన్నునొప్పి పోయి కాలునొప్పి వచ్చింది.

మా సూపర్వైజరు వచ్చి, "ఏమయ్యా, ఈ లిఫ్టు బాగుచేస్తున్నావా, అద్దెకు తీసుకున్నావా?" అన్నాడు.

"రాత్రుళ్లు నిద్రపట్టడం లేదు సార్."

"నీకా?" అని ఆయన అక్కడే మెట్ల మీద కూర్చుని నవ్వాడు.

దానికన్నా పెద్ద చిక్కు సంఘంలో వచ్చింది. రిపోర్టు ఒక్కరోజు పనికొచ్చింది. ఆ తరువాత ఇంజను అడగడం మొదలుపెట్టాడు. "నొప్పి ఎలా ఉంటుంది? పొద్దున్న మంచం ఎలా దిగుతారు? చొక్కా గుండీలు ఎవరు పెడతారు?" నాకేం తెలుసు? నీళ్లు నమిలాను. ఇక లాభం లేదని మా ఆవిడను గమనించడం మొదలుపెట్టాను, పరీక్షలో పక్కవాడి పేపరు చూసినట్టు.

గమనిస్తే తెలిసింది. కుర్చీలోంచి లేచే ముందు లోపల్లోపల మూడు లెక్కపెట్టుకుంటుంది. కుళాయి వేళ్లతో తిప్పదు, మణికట్టుతో నెడుతుంది. కాఫీకప్పు రెండు అరచేతుల మధ్య పట్టుకుంటుంది. చలికనుకున్నాను ఇన్నాళ్లూ. మెట్లు దిగేటప్పుడు గోడవైపే నడుస్తుంది. గుండీలున్న బట్టలు వేసుకోవడం ఎప్పుడో మానేసింది. రాత్రికి అవే నా కష్టాలుగా సంఘంలో రాసేవాణ్ణి. ఇవన్నీ నా ఎదుటే జరుగుతున్నాయి, మూడేళ్లుగా. నేను రోజూ పొద్దున్నే ఎలా ఉందని అడిగి, జవాబు విని, డ్యూటీకి పోతున్నాను.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది సీసాల సంగతి. మా ఇంట్లో ఏ సీసాకీ మూత సరిగ్గా ఉండేది కాదు. "మూత పెట్టడం కూడా రాదా" అని విసుక్కుని, వంటింట్లో సీసాలు, మాత్రల డబ్బాలు అన్నీ నేనే బిగించేవాణ్ణి. నేను బిగిస్తే ఇంకొకరు విప్పలేరని ఆఫీసులో పేరుంది నాకు. ఆవిడ మూత పెట్టలేక కాదు, మళ్లీ విప్పలేక వదులుగా ఉంచుతోందని ఒక గురువారం పొద్దున్న తెలిసింది. మాత్రల డబ్బాను మోకాళ్ల మధ్య పెట్టుకుని, రెండు మణికట్లతో తిప్పబోయి, చేతకాక, కాసేపు దానివంక చూసి, మాత్ర వేసుకోకుండానే పక్కన పెట్టేసింది. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ చూశాను. ఆ రోజు ఏ బోల్టూ సరిగ్గా బిగించలేకపోయాను.

ఆ రాత్రి సంఘంలో జోకు వేయలేదు. ఇలా రాశాను. "మా ఇంట్లో ఒకళ్లు రోజూ మూతలు బిగించేస్తారు. నేను విప్పలేను. అడగడానికి నామోషీ. అందుకని మాత్ర మానేస్తాను."

దానికి తుప్పు మహారాణి రాసింది.

"మా ఇంట్లోనూ ఒకాయన ఉన్నారు. మంచాయన. మూత విప్పమంటే పదిసార్లు విప్పుతారు. కానీ నొప్పి అని చెబితే మొహం వేలాడేస్తారు. 'తగ్గిపోతుందిలే' అంటారు. అప్పుడు నా నొప్పితోపాటు ఆయన మొహాన్ని కూడా నేనే సముదాయించాలి. ఒంట్లో అంత ఓపిక ఉండదు. అందుకని బాగానే ఉందంటాను. ఆయనతో మనసువిప్పి మాట్లాడి ఎన్నాళ్లయిందో. ఒకే ఇంట్లో ఉంటాము. బెంగగా ఉంటుంది."

ఆ మాటలు ఎన్నిసార్లు చదివానో. గోడ అవతల వాలుకుర్చీ చప్పుడు లేదు. నాకు ఏడుపొచ్చింది. ఏం రాయాలో తోచక, చేతికి అలవాటైన మాటే రాసేశాను. "తగ్గిపోతుందిలే."

హెడ్మిస్ట్రెస్సు అక్కడే కాచుకుని ఉంది. "జరిమానా. జోకు చెప్పండి. నా కళ్లు మండుతున్నాయి, రాయకండి, నోటితో చెప్పి పంపండి."

నోటితో చెబితే గొంతు గుర్తుపట్టేస్తుంది మా ఆవిడ. గొంతు మార్చి, రహస్యం చెప్పినట్టు చెబుదామని రికార్డింగు బటన్ నొక్కి, ఫోను దిండు మీద పెట్టి, జోకు కోసం ఆలోచిస్తూ కళ్లు మూసుకున్నాను. వారం రోజుల నిద్ర బాకీ ఉన్న మనిషి కళ్లు మూసుకోకూడదు.

ఏదో పెద్ద చప్పుడుకి మెలకువ వచ్చింది. గదిలో ఎవరో భయంకరంగా గుర్రు పెడుతున్నారు. నేను లేచి కూర్చున్నా అది ఆగలేదు. చూస్తే మంచం పక్కన మా ఆవిడ నిలబడి ఉంది, చేతిలో ఫోను. చప్పుడు అందులోంచి వస్తోంది.

"ఎవరిది ఆ గుర్రు?" అన్నాను.

"ఎవరో పాపం. మూడేళ్లుగా నిద్ర లేని మనిషట."

నిద్రలో ఫోను మీద పంపే బటన్‌కి బుగ్గ ఆనించి, ఇరవై నిమిషాల గుర్రుని సంఘానికి పంపించేశాను. ముసుగు తన్నేద్దామనుకున్నాను గానీ దుప్పటి మీద ఆవిడే కూర్చుంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాను బిక్కమొహం వేసుకుని.

"మొదటి రాత్రే. నా రిపోర్టు నాకు తెలియదా? అచ్చుతప్పుతో సహా దించారు."

"మరి అప్పుడే అనొచ్చుగా."

ఆవిడ మణికట్టు నిమురుకుంటూ కూర్చుంది. "అందామనే లేచానండీ. కానీ మీరు రాసేది చదవాలనిపించింది. కుళాయి సంగతి రాశారు. మెట్ల సంగతి రాశారు. నన్ను ఇంతగా చూసి ఎన్నేళ్లయింది మీరు? దొంగపేరుతోనే కానీండి, ఇంకొన్నాళ్లు చూడనిద్దామనుకున్నాను. అందుకే ఈ రాత్రి నేను చెప్పాల్సింది కూడా అక్కడే చెప్పాను."

నేను ఆవిడను బోల్తా కొట్టిస్తున్నాననుకుంటున్న వారం రోజులూ, ఆవిడ నాచేత మూడేళ్ల పాఠాలు చదివించింది.

తెల్లవారేసరికి హెడ్మిస్ట్రెస్సు తీర్పు వచ్చింది. "ఈయనకు ఏ జబ్బూ లేదని తేలింది. సంఘంలోంచి తీసేశాం. గుర్రు మాత్రం ఉంచుకుంటాం. అది వింటూ ఇంజనుకి నాలుగు నెలల తరువాత గంటసేపు నిద్రపట్టింది."

ఆ రోజు నుంచి నేనూ ముందుగదిలో, వాలుకుర్చీ పక్కన చాప వేసుకుని కూర్చుంటున్నాను. మొదటి రాత్రి ఆవిడే అంది. "ఇవాళ వేళ్లు అస్సలు బాగోలేదండీ." నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. పళ్ల డాక్టరు రోగుల కథ చెప్పాను. నవ్వలేదు. "ఇంకొకటి చెప్పండి" అంది. సూపర్వైజరు సంగతి చెప్పాను. దానికీ నవ్వలేదు. మందుల షాపులో నేను ఏం అడిగానో, ఎంత గట్టిగా అడిగానో చెప్పేసరికి దుప్పటి నోట్లో కుక్కుకుంది.

అలా ఐదారు రాత్రులు గడిచాయి. నొప్పి ఎక్కడికీ పోలేదు. నిన్న రాత్రి మాత్రం నేను ఏదో చెబుతుండగా, సగంలో, ఆవిడ తల పక్కకు వాలింది. మందు పనిచేసిందో, అలసటో, నిజంగానే నిద్రపోయింది. నేను మాట ఆపి కూర్చున్నాను. చెప్పాల్సిన కథ ఇంకా సగం ఉంది. ఆ నవ్వు ఒక్కసారి వినాలనిపించింది. లేపలేను కదా. మంచం మీదికి వెళ్లి పడుకున్నాను, నిద్ర రాలేదు. మళ్లీ వచ్చి చాప మీద కూర్చున్నాను, అక్కడా రాలేదు.

మూడున్నరకి, ఈసారి నా సొంత నంబరు నుంచి, హెడ్మిస్ట్రెస్సుకి రాశాను. "నిద్రపట్టడం లేదు. జబ్బేమీ లేదు. చేర్చుకుంటారా?"

"కారణం?"

"మా ఆవిడ నిద్రపోయింది."

ఫోను వంకే చూస్తున్నాను. జోకు ఏరుతోందేమో అనుకున్నాను. చివరికి ఫోను వెలిగింది.

"అదీ జబ్బే. రండి."