ఇదంతా ఒక ఎత్తు!

వాన పడాలంటే మబ్బులు కావాలన్నది పాతకాలపు మూఢనమ్మకం! వానకి కావలసినవి రెండే: ఒక కంప్యూటరు, దాని ముందు మా తోడల్లుడు.

నేను ఊరికే అనడం లేదు. ఆయన వాతావరణ పటాలు గీసే ఆఫీసులో పెద్ద ఉద్యోగి. ఒకసారి ఆయన గదికి వెళ్ళి కళ్ళారా చూసొచ్చాను. ఏసీ, గోడనిండా రంగురంగుల పటాలు, కిటికీకి ఎప్పుడూ మూసే ఉండే కర్టెన్. "కాస్త తీయొచ్చుగా?" అంటే, "వెలుతురు పడితే స్క్రీన్ మీద వాన సరిగ్గా కనపడదు" అన్నాడు. పనంటే అంత శ్రద్ధ!

పద్ధతి చాలా తేలిక. ప్రతి చోటా వాన కొలవడం ఎవరి తరం? అందుకని అక్కడొకటి, ఇక్కడొకటి వాన కొలిచే గొట్టాలు పెడతారు. వాటి మధ్య ఉన్న చోట్ల ఎంత పడి ఉంటుందో కంప్యూటరే ఊహించి పూరిస్తుంది. ఏ నేల ఎంత ఎత్తులో ఉందో శాటిలైటు చెబుతుంది. ఎత్తు పెరిగితే వాన పెరుగుతుందని ఒక సూత్రం. ఎత్తు తెలిస్తే చాలు, వాన దానంతటదే పడుతుంది. పటంలో.

ఇంత గొప్ప పద్ధతిని వానకే పరిమితం చేయడం అన్యాయం కాదూ? ఆస్పత్రి సంగతే చూడండి. ఈ మంచం మీదాయనకి ఒళ్ళు కాలిపోతోంది, ఆ మంచం మీదాయన పూర్తిగా చల్లబడిపోయాడు. మధ్య మంచం ఆయన్ని ముట్టుకోకుండానే ఇంటికి పంపేయొచ్చు! మా పై వాటా ఆయనది నున్నటి గుండు, కింది వాటా ఆయనకి భుజాలదాకా జుట్టు. మధ్య వాటాలో ఉన్న నేను ఇంకా క్షవరం చేయించుకుంటున్నానంటే అది నా చాదస్తమే. చదువుకునే రోజుల్లో పరీక్ష హాల్లో నా కుడిపక్క వాడికి తొంభై మార్కులు, ఎడమపక్క వాడికి పది వచ్చాయి. ఈ సూత్రం అప్పుడే ఉండి ఉంటే నేనూ గట్టెక్కేవాణ్ణి.

ఇదంతా ఒక ఎత్తు. మా అక్క ఒక్కతే ఒక ఎత్తు.

అక్క కాపురం మా ఊరి కొండకి అవతలి పక్క, అక్కడి బడిలోనే టీచరు. ఆ బడి ఆవరణలో ఒక గొట్టం ఉండేది. రోజూ పొద్దున్నే అందులో ఎంత పడిందో చూసి మా తోడల్లుడి ఆఫీసుకి పంపడం ఆవిడ పని. నలభై మూడు రోజులు వరసగా సున్నా పంపింది. కొండకి ఇవతల, సరిగ్గా అదే ఎత్తులో, కుండపోత! మబ్బులన్నీ ఇవతలే ఖాళీ అయిపోతే అవతలికి ఏం మిగులుతుంది? అది అక్కకి తెలుసు, ఆవిడ దగ్గర చదివే పిల్లలకీ తెలుసు. కంప్యూటరుకి ఎత్తు తెలుసు గానీ వైపు తెలియదు.

నీలంగా మెరిసిపోయే పటంలో అక్క సున్నా తెల్లటి మచ్చయి కూర్చుంది. తోడల్లుడి ప్రాణం చివుక్కుమంది. వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కగారూ, మీ సున్నా వల్ల పటమంతా పాడవుతోందండీ."

"అయితే సున్నాకి ముందు మీకు నచ్చిన అంకె ఒకటి వేసుకోండి బాబూ" అంది అక్క.

ఆ ఎత్తిపొడుపు ఆయనకి అర్థం కాలేదు. గొట్టం చెడిపోయిందని రాసి, దాన్ని అక్కణ్ణించి ఎత్తేయించాడు. మచ్చ పోయింది! పటంలో తప్పులు బాగా తగ్గాయని ఆయనకి మెచ్చుకోలు ఉత్తరం కూడా వచ్చింది. తప్పని చెప్పేవాళ్ళు లేకపోతే తప్పులు తగ్గవా మరి?

చిక్కల్లా ఒకటే. నీళ్ళ ట్యాంకర్లని ఆ పటం చూసే పంపుతారు. ముదురు నీలంలో మునిగిన అక్క వీధికి ట్యాంకరు ఆగిపోయింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం అక్క రెండు ఖాళీ క్యాన్లతో బస్సెక్కి మా ఇంటికొస్తోంది. వారమంతా వాళ్ళ ఇంటిల్లిపాదికీ తాగడానికి అవే.

మొన్న ఆదివారం తోడల్లుడు భార్యతో సహా మా ఇంటికి భోజనానికొచ్చాడు. అక్కే వడ్డించింది. నాకు గ్లాసునిండా నీళ్ళు పోసింది, వాళ్ళావిడకి పోసింది, మధ్యలో కూర్చున్న ఆయన్ని వదిలేసింది. నాలుగు ముద్దలకే ఆయనకి పొలమారింది.

"అక్కగారూ... నీళ్ళు..."

"ఇటు మా తమ్ముడు తాగాడు, అటు మీ ఆవిడ తాగింది. మధ్యలో మీకు దాహమెందుకుంటుంది బాబూ?"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాక పోసింది. బయల్దేరేటప్పుడు నిండిన క్యాన్లు చూపించి, "ఎత్తండి బాబూ. ఎత్తుల సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?" అంది.

పాపం, బస్టాపు దాకా మోసి, రొప్పుకుంటూ తిరిగొచ్చాడు. చెమటతో చొక్కా ముద్దయిపోయింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన తడవడం అదే మొదలు.

"ప్రతి వారం ఇలాగే మోసుకెళ్తారా?" అని అడిగాడు. అవునన్నాను. ఒక్కో క్యాను ఇరవై లీటర్లని చెబితే చీటీ మీద రాసుకున్నాడు. ఎంతైనా మనిషి కదా, నాలో ఆశ పుట్టింది.

మర్నాడే పటం మార్చాడు. అక్క వీధి పక్కన కొత్తగా ఒక మాట చేర్చాడు: "అదనపు నీటి లభ్యత, వారానికి నలభై లీటర్లు." నీలం ఇంకాస్త ముదిరింది.

అది చూసి నాకు ఒళ్ళు మండింది. ఆనందంతోనే లెండి.

అక్క మాత్రం గొట్టం తీసేసిన చోటే ఒక స్టీలు గ్లాసు పెట్టింది. రోజూ పొద్దున్నే అందులోకి తొంగిచూసి, హాజరుపట్టీ వెనక సున్నా వేస్తోంది. అందుకే పాఠకులకి నా మనవి. మీ గ్లాసులు ఇంట్లోనే దాచుకోండి, పొరపాటున కూడా వాకిట్లో పెట్టకండి. ఒక్క గ్లాసు చాలు, ఇంత చక్కటి వాన ఆగిపోవడానికి!