బోర్ల మాల్యాద్రి ఇంటి బేరం

కొమరోలులో మాల్యాద్రులు చాలామందే ఉన్నారు గానీ, బోర్ల మాల్యాద్రి ఒక్కడే. చేలో ఆరు, పెరట్లో ఒకటి, మొత్తం ఏడు బోర్లు వేయించాడు. చేలోవి ఆరూ పుట్టుకతోనే పోయాయి. పెరట్లోది పదకొండేళ్ళు నీళ్ళిచ్చి మొన్న వేసవిలో కన్నుమూసింది. బోర్లు వేసి వేసి బోర్లా పడ్డాడని ఊళ్ళోవాళ్ళు నవ్వితే తనూ కలిసి నవ్వేవాడు. నవ్వకపోతే ఏం చేస్తాడు?

ఇప్పుడు ఇల్లు అమ్మాలి. భార్య రాఘవమ్మకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు మార్కాపురం వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకోవాలి. రెండు బస్సులు మారి పోయి, రెండు బస్సులు మారి వచ్చేసరికి శుద్ధి చేసిన రక్తంలో సగం బస్సుల్లోనే ఆవిరవుతోంది. ఆసుపత్రి పక్కన గది తీసుకుంటే తప్ప ఆమె తట్టుకోలేదు. ఈ ఇల్లు పోతే తప్ప ఆ గది రాదు.

ఇంటిని ముస్తాబు చేయడానికి చేతిలో ఉన్నది మూడు వేలు. తెచ్చిన రంగు ముందు గోడకే సరిపోయింది.

"పక్క గోడల సంగతేంది?" అంది రాఘవమ్మ.

"వచ్చేటోళ్ళు ముందు నుంచే గదా వచ్చేది."

"పోయేటప్పుడు పక్కకు చూడరా?"

"చూడకుండ మాటల్లో పెడ్తాలే."

"ఆ పని నీకు నేర్పాల్నా? నన్ను ముప్పై ఏండ్ల నుంచి అట్లనే గదా పెట్టినావు."

లోపల గోడ పగుళ్ళ మీద మూడు క్యాలెండర్లు తగిలించాడు. అందులో రెండు పాతవి. ఇక మిగిలిన డబ్బుతో, కొనేవాడు వచ్చే రోజు తెల్లవారగానే గిద్దలూరు నుంచి ట్యాంకరు తెప్పించి, నీళ్ళన్నీ ఎండిన బోరు గొట్టంలోకి వదిలాడు. రాఘవమ్మ గడప మీద కూర్చుని చూసింది.

"ఏందయ్యా, బోరుకు సెలైను ఎక్కిస్తాండావా?"

"ఆయనొచ్చినప్పుడు కాసేపు మోటరు పోస్తే చాలు. నీళ్ళు లేని ఇల్లు ఎవురు కొంటారే?"

"అట్ల గాదయ్యా, ఆ కొనేటాయనతో నేను ఫోన్లో..."

"నువ్వు నోరు తెరవాకు! అంతా నేను చూసుకుంటా."

రాఘవమ్మ నోరు మూసుకుంది. ముప్పై ఏళ్ళలో మొగుడి మాట వెంటనే విన్నది ఆ ఒక్కసారే.

పది గంటలకు బేస్తవారిపేట నుంచి ఇల్లు కొనేందుకు జీవన్ కుమార్ బండి మీద వచ్చాడు. రంగేసిన గోడనూ చూడలేదు, క్యాలెండర్లనూ చూడలేదు. నేరుగా పెరట్లోకి పోయి, స్థలాన్ని అడుగులతో కొలుచుకున్నాడు.

"బోరు ఎట్లుంది మామా?"

ఈ మాట కోసమే కాచుకున్న మాల్యాద్రి స్విచ్చి వేశాడు. నీళ్ళు దూకాయి.

"గంగమ్మ తల్లి అల్లుడూ! రేయింబగళ్ళు ఏసుకో, తగ్గితే నన్నడుగు. ఈ వీధి వీధంతా మన నీళ్ళే తాగుతాండారు!"

జీవన్ కుమార్ మొహం వాడిపోయింది.

"అట్లయితే నాకొద్దు మామా."

"ఏందీ?"

"నాది ట్యాంకర్ల యాపారం. నీళ్ళు లేని వీధి చూసుకొని బండ్లు పెట్టుకుందామనుకుంటి. బోరు ఎండిపోయిందని అత్త ఫోన్లో చెప్తేనే గదా వచ్చినా. ఇక్కడ ఇన్ని నీళ్ళు పడ్తే రేపు వీధిలో అందరూ బోర్లేసుకుంటారు, నా దగ్గర కొనేదెవురు?"

మాల్యాద్రి తిరిగి భార్య వైపు చూశాడు. ఆమె పెదాల మీద వేలు పెట్టుకుని కూర్చుంది.

"లేవు అల్లుడూ! చుక్క లేదు!" అన్నాడు. నీళ్ళు కాళ్ళ మీద పడుతూనే ఉన్నాయి. "ఇవి నీళ్ళు గావు... అంటే నీళ్ళే, ట్యాంకరు నీళ్ళు. పొద్దున నేనే పోసినా. మాయమ్మ తోడు!"

ఏడు బోర్లకూ నీళ్ళు పడాలని మొక్కినవాడు మొదటిసారి నీళ్ళు ఆగిపోవాలని మొక్కాడు. ఆ మోటరు పంతం పట్టినట్టు ఇరవై నిమిషాలు పోసి, అప్పుడు దగ్గి, గాలి కక్కి, మూగబోయింది.

జీవన్ కుమార్ నవ్వలేదు. "నిజం చెప్పింటే అత్త చెప్పిన రేటుకే తీసుకుంటాంటి మామా. ఇప్పుడు నువ్వేం చెప్పినా నమ్మబుద్ధి గాలే. లక్ష తగ్గించుకో, రేపే రాయించుకుంటా."

మాల్యాద్రి తగ్గించుకున్నాడు. వేరే దారి లేదు. మార్కాపురం గదికి రెండేళ్ళ బాడుగ ఆ లక్ష.

అతను వెళ్ళిపోయాక మాల్యాద్రి తడికాళ్ళతో గడప దగ్గర కూలబడ్డాడు. భార్య మొహం చూడాలంటే సిగ్గేసింది.

"రెండేండ్ల బాడుగ బోరులో పోస్తిని గదే."

"పోనీలే. అన్ని దినాలు మనకు గది అక్కర్లేదు."

"అంటే?"

"డాక్టరు నీతో చెప్పింది నాతో గూడ చెప్పినాడయ్యా. ఆర్నెల్లలో నయమైతాదన్నాడని నువ్వు వచ్చి చెప్తివే, అప్పటికే నాకు తెలుసు."

మాల్యాద్రి కళ్ళు తుడుచుకోవడం కూడా చేతకాక అట్లాగే కూర్చున్నాడు.

రాఘవమ్మ అతని పక్కకు జరిగి, తన కొంగు అతని చేతికిచ్చింది.

"ఇల్లు అమ్మేదీ రాకపాయె, పెండ్లాన్ని నమ్మించేదీ రాకపాయె నీకు," అంది.