కంటివాటం

ఆ రోజు పొద్దున్న అత్తగారు పెట్టుకున్న పనులు మూడే: కాఫీ తాగడం, కోడలికి కెమెరా పట్టుకోవడం నేర్పడం, పది గంటలకల్లా స్టూడియో తెరవడం. ఇంటి ముందుగదే స్టూడియో. గోడకి నీలం తెర, తెర ముందు గుండ్రటి స్టూలు, అటూ ఇటూ గొడుగు లైట్లు. భర్త పోయిన దగ్గర్నుంచి, ఇరవై ఆరేళ్లుగా, ఆవిడే ఆ కెమెరా వెనక నిలబడి ఊళ్లో సగంమంది మొహాల్ని పాస్‌పోర్టు సైజుకి కుదించారు. పెళ్లై ఆరు నెలలైన కోడలు "నాకూ నేర్పండి అత్తయ్యా" అని వెంటపడుతుంటే, ఇన్నాళ్లకి తీరిక దొరికింది.

స్టూలు మీద పూలకుండీ పెట్టి, "ఊఁ, తియ్యి" అన్నారు.

కోడలు కెమెరా ఎత్తి ఎడమ కంటికి ఆనించింది. ముక్కు కెమెరా వెనకున్న స్క్రీనుకి అతుక్కుని చప్పిడైపోయింది.

"అది కాదమ్మాయ్. కుడి కన్ను."

కోడలు కన్ను మార్చి నొక్కింది. ఫొటోలో స్టూలు కాళ్లు పడ్డాయి, పూలకుండీ పడలేదు.

"ఎడమ కన్ను మూసి చూడు."

మూసింది. కుడిది కూడా మూసుకుపోయింది.

"ఒక్కటే మూయవే!"

"ఒకటి మూస్తే రెండోది తోడు వెళ్లిపోతోంది అత్తయ్యా."

అత్తగారు నవ్వబోయి ఆగిపోయారు. మనసులో ఏదో కలుక్కుమంది. ఆ సాయంత్రం కోడలు స్టూడియోలో కెమెరా స్క్రీను చూస్తూ కూర్చుంటే, చప్పుడు చేయకుండా కుడిపక్కగా వెళ్లి కాఫీ గ్లాసు చాచారు. కోడలు తలెత్తలేదు. మరికాస్త దగ్గరికి చాచారు. కోడలు ఉలిక్కిపడి మోచెయ్యి తగిలించింది. కాఫీ అంతా నీలం తెర పాలైంది.

ఇక అనుమానమే లేదు.

రాత్రి భోజనాలకి ముందే, బీమా ఆఫీసు నుంచి వచ్చిన కొడుకుని పెరట్లోకి లాక్కెళ్లారు. "ఒరేయ్, ఎక్కడా అనకు. నీ పెళ్లానికి కుడి కన్ను కనబడదురా. మనం ఏమనుకుంటామోనని పాపం, కడుపులో దాచుకుంది. మనం తెలియనట్టే ఉందాం. బంగారం లాంటి పిల్ల. కన్ను పోతే పోయింది."

కొడుకు నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడే మామగారికి ఫోన్ చేశాడు.

"మామయ్యగారూ, మీ అమ్మాయికి చిన్నప్పట్నుంచీ అంతేనా?"

"ఎంతేనా?"

"పోనీలెండి, అడగను. మీరేం బాధపడకండి. మా అమ్మక్కూడా తెలిసిపోయింది, అయినా ఒక్క మాట అనలేదు."

ఇంత ఓదార్పు విన్నాక ఏ తండ్రి నిలబడగలడు? ఆయన సంచీ సర్దుకుని దొరికిన బస్సెక్కాడు.

ఈలోగా ఇంట్లో మర్యాదలు మొదలయ్యాయి. కోడలు మెట్లెక్కబోతే మొగుడు జబ్బ పట్టుకునేవాడు. బిందె ఎత్తబోతే అత్తగారు లాక్కునేవారు. "నువ్వు కూర్చో తల్లీ" అని రోజుకి పదిసార్లు. కోడలు మొదట ఆశ్చర్యపోయింది, తర్వాత సిగ్గుపడింది, మూడో రోజు తండ్రి గుమ్మంలో ప్రత్యక్షమయ్యేసరికి కంగారుపడింది.

"మీ తప్పేం లేదు అన్నయ్యగారూ" అంటూ అత్తగారు ఆయన చేతిలో మంచినీళ్లు పెట్టారు. "ఒకసారి డాక్టరుకి చూపిద్దాం. అంతే."

ఆటో దిగగానే కోడలిక ఆగలేకపోయింది. "అత్తయ్యా, మీరంతా ఇంత ఆశ పెట్టుకున్నారు, ఎలా చెప్పాలో తెలియట్లేదు. నేను కడుపుతో లేను!"

"కడుపేంటి?" అన్నాడు మొగుడు. "ఇది కళ్లాసుపత్రి."

డాక్టరమ్మ అందరి మాటా విని, కోడలి రెండు చేతులూ ముందుకి చాపించింది. వేళ్ల మధ్య చిన్న సందు చేయించి, అందులోంచి గోడగడియారం చూడమంది. అట్టముక్కతో ఎడమ కన్ను మూస్తే గడియారం మాయమైంది. కుడి కన్ను మూస్తే ఉన్నచోటే ఉంది.

"రెండు కళ్లూ భేషుగ్గా ఉన్నాయి. మనకి చేతివాటం ఉన్నట్టే..."

"మా అమ్మాయికి చేతివాటమా!" తండ్రి కుర్చీలోంచి లేచాడు. "పక్కింటి పూచికపుల్ల కూడా ముట్టుకోదండీ!"

"అయ్యో, దొంగతనం కాదండీ. కొందరికి కుడి చెయ్యి వాటం, కొందరికి ఎడమ. కళ్లూ అంతే. ఈమెది ఎడమ కంటివాటం. కెమెరాకి ఆ కన్ను పెట్టుకుంటేనే సుఖం."

అత్తగారికి ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు పంతమూ వచ్చింది. "నేను ఇరవై ఆరేళ్లుగా కుడి కన్నే పెడుతున్నాను. కావాలంటే చూడండి!" అంటూ వెళ్లి పరీక్ష కుర్చీలో కూర్చున్నారు. డాక్టరమ్మ ఆవిడ ఎడమ కన్ను మూసి, గోడ మీది అక్షరాల్లో పై వరస చదవమంది.

ఆవిడ చాలాసేపు చూశారు.

"ముందు ఆ లైటు వేయించండి డాక్టరుగారూ."

"వేసే ఉందండీ" అంది డాక్టరమ్మ మెల్లగా. "మీ కుడి కంట్లో శుక్లం బాగా ముదిరింది."

అత్తగారు కోడలివైపు చూశారు. ఆ పిల్ల తల దించుకుంది.

"నీకు తెలుసా?"

"రెండు నెలలైంది అత్తయ్యా. మీరు తీసే ఫొటోల్లో మొహాలు వదిలేసి వెనక తెర మీద ఫోకస్ కుదురుతోంది. మీరు లోపలికెళ్లగానే వచ్చినవాళ్లని మళ్లీ కూర్చోబెట్టి నేనే తీస్తున్నాను. మొన్న మీరు కాఫీ తెచ్చినప్పుడు కూడా అవే చూసుకుంటున్నాను."

"మరి నేర్పమని నా ప్రాణం తీశావెందుకు?"

"దొంగచాటుగా ఎన్నాళ్లు తీయను?"

"నాకో మాట చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు కెమెరా పక్కన పెట్టేస్తారేమోనని భయమేసింది."

అత్తగారు కుర్చీలోంచి లేస్తూ చెయ్యి చాచారు. కోడలు పట్టుకుంది.

"అన్నయ్యగారూ, మీ అమ్మాయికి చేతివాటం ఉన్నమాట నిజమే" అన్నారు ఆవిడ, పైటకొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

నెల తిరక్కుండా ఆపరేషన్ అయింది. నల్లద్దాలు తీసేసిన రోజున కోడలు అత్తగారిని స్టూలు మీద కూర్చోబెట్టి, ఎడమ కంటికి కెమెరా ఆనించి ఫొటో తీసింది. ఇన్నేళ్లలో ఆవిడని ఆ స్టూలు మీద కూర్చోమన్నవాళ్లే లేరు. ఫొటోని కొత్త కంటికి దగ్గరగా పెట్టుకుని ఆవిడ చాలాసేపు చూశారు.

"ఈ ముడతలన్నీ ఎప్పుడొచ్చాయే?"

డాక్టరమ్మ రాసిచ్చిన జాగ్రత్తల కాగితంలో ఈ సంగతి ఎక్కడా లేదు.