ఒక్క తప్పు వరకు అనుమతి

ప్రభుత్వ అనుమతి లేకుండా ఏ పియానో కూడా శ్రుతిలో ఉండరాదని ప్రైవేటు సంగీత బోధన క్రమబద్ధీకరణ శాఖ తీర్మానించింది. అంతవరకు ఊళ్ళో పియానోలు ఎవరినీ అడక్కుండానే బాగా మోగుతుండేవి. (ఈ అరాచకం ఎన్నేళ్ళు సాగిందో తలచుకుని అధికారులకి నిద్ర పట్టలేదట.)

ఇంటి ముందుగదిలో పిల్లలకి పియానో నేర్పే టీచరమ్మ ఈ తీర్మానాన్ని తేలిగ్గానే తీసుకుంది. ఆమె పియానోకి శ్రుతి చేసేది స్వయానా అక్క మొగుడు, ఆ పనిలోనే జుట్టు నెరిసిన మనిషి. తనిఖీ ముందురోజు ఆయన వచ్చి, పై మూత తీసి, తీగల మధ్య ఉన్ని పట్టీ దూర్చి, తీగలు చుట్టిన మేకుల్ని ఒక్కొక్కటే వెంట్రుకవాసి తిప్పి, మధ్యలో రెండుసార్లు టీ తాగి, దీనికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదని చెప్పి వెళ్ళాడు.

మర్నాడు పుట్టాడు. ఆయన శబ్ద పరిశుద్ధతాధికారి (ద్వితీయ శ్రేణి). వినయంగా బూట్లు తుడుచుకుని లోపలికొచ్చి, శాఖవారి యాప్ తెరిచిన ఫోన్ పియానో మీద పెట్టి, టీచరమ్మ చేత మెట్లు రెండేసి చొప్పున కలిపి నొక్కించాడు. ప్రతి జతకీ యాప్ ఎర్రబడింది. పన్నెండు జతలకి పన్నెండు తప్పులు తేలాయి. ఒక్కటైనా సరిగ్గా లేదేమిటండీ అని ఆయన నిజంగానే బాధపడ్డాడు. వెంటనే సరిచేయించకపోతే ఇంట్లో పాఠాలు ఆపేయాలనీ, ఆమె దగ్గర నేర్చుకునే పిల్లలెవరూ శాఖవారి పియానో పరీక్షకి కూర్చోకూడదనీ చెప్పి, మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళాడు.

ఆ పాఠాల మీదే టీచరమ్మ ఇల్లు గడుస్తోంది. పైగా ఆ నెలలోనే బేకరీ ఆయన కూతురికి పరీక్ష. వేళ్ళు ఇంకా పొట్టివే గానీ, అలాంటి చెవి టీచరమ్మ ఇంకెక్కడా చూడలేదు. (వీధిలో పోయే స్కూటర్ ఎవరిదో తల తిప్పకుండా చెప్పేస్తుంది.) ఆ పిల్లంటే ఆమెకి ప్రాణం.

బావగారు సంగతి విని తల పట్టుకున్నాడు. పియానో అన్నాక తప్పు ఉండే తీరుతుందట. ఒక జతలో చివరి స్వరమే తర్వాతి జతకి మొదలు కాబట్టి, ప్రతి జతనీ శుద్ధంగా బిగించుకుంటూ పోతే, పన్నెండూ చుట్టి వచ్చేసరికి చివరి స్వరం మొదటి స్వరానికి అతకదు. ఆ తేడాని జతకి కాస్త చొప్పున, ఎవరి చెవికీ గుచ్చుకోకుండా పంచిపెట్టడమే తన ఉద్యోగమట. టీచరమ్మ ఇదంతా శాఖకి ఫోన్ చేసి చెప్పింది. అవతలి గొంతు ఓపిగ్గా విని, తప్పుల పంపిణీ తమ పరిధిలోకి రాదనీ, నిబంధన ప్రకారం పియానోకి ఒక్క తప్పు వరకు అనుమతి ఉందనీ, అది ఎంత పెద్దదిగా ఉండొచ్చో నిబంధనలో రాయలేదనీ చెప్పింది.

"అయితే అన్నీ తీసుకెళ్ళి ఒక్కచోట కూరేస్తా," అన్నాడు బావగారు. "అక్కడ వేలు పెట్టావంటే మాత్రం ఊళ పెడుతుంది. ఎక్కడ కూరమంటావో నువ్వే చెప్పు."

ఎవరూ అంతగా వాయించని నల్లమెట్ల జత ఒకటి చూపించింది టీచరమ్మ. చూపిస్తుంటే తప్పు చేస్తున్నట్టే అనిపించింది.

రెండో తనిఖీలో పదకొండు జతలకి యాప్ పచ్చబడింది. పన్నెండోది నొక్కగానే పక్కింటి కుక్క లేచి బదులు పలికింది. (అధికారి దాన్ని నమోదు చేయలేదు. కుక్కలు వేరే శాఖ.) సర్టిఫికెట్ గోడకి తగిలించి, తప్పులు మళ్ళీ పుట్టకుండా పియానో పై మూతకి సీలు వేసి, ఆయన కరచాలనం చేసి వెళ్ళాడు.

పరీక్ష ఆ ముందుగదిలోనే జరిగింది. శాఖవారి సొంత పియానోకి ఇంకా అనుమతి రాలేదు. అందరికీ సమాన న్యాయం కోసం ఏం వాయించాలో అప్పటికప్పుడే ఇస్తారు. అధికారి ఇచ్చిన కాగితాన్ని టీచరమ్మ రెండుసార్లు చదివింది. పాట పొడుగునా ఎడమచెయ్యి ఆ నల్లమెట్ల జత మీదే ఉంది.

పిల్ల నొక్కింది. పియానో ఊళ పెట్టింది. పిల్ల చేతులు తీసేసి, "ఈ రెండూ కలవట్లేదు టీచర్," అంది.

సర్టిఫికెట్ ఉన్న పియానోని అలా అనకూడదని అధికారి నెమ్మదిగా చెప్పాడు. తర్వాత టీచరమ్మ వైపు తిరిగి, రికార్డు కోసం అడుగుతున్నానన్నాడు. "పియానో సరిగ్గా ఉందా, లేదా?"

లేదంటే సర్టిఫికెట్ పోతుంది, దాంతో పాఠాలూ పోతాయి. టీచరమ్మకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"సరిగ్గానే ఉందండి."

పిల్ల ఆ రెండు మెట్లూ మళ్ళీ నొక్కి, మెడ వంచి చాలాసేపు విన్నది. టీచరమ్మ మొహంలోకి చూసింది.

"నాకే సరిగ్గా వినపడలేదేమో టీచర్," అంది.

అధికారి ముచ్చటపడి, వినికిడి గడిలో 'శిక్షణ వల్ల గణనీయమైన మెరుగుదల' అని రాసి, నూటికి నూరు వేశాడు.