మంత్రిగారింటి మీడియా ప్లేయర్

తమ ఇంటి టీవీకి ఒక మీడియా ప్లేయర్ ఎంపిక చేయదలచినట్టు ప్రసార శాఖ మంత్రిగారు సోమవారం విలేకరుల సమావేశంలో ప్రకటించారు. ఎంపిక పూర్తి పారదర్శకంగా జరుగుతుందని, బంధుప్రీతికి తావుండదని, అవసరమైతే పదవినైనా వదులుకుంటాను గానీ నాసిరకం బొమ్మ మాత్రం చూడబోనని అన్నారు. చివరి మాట దగ్గర ఆయన గొంతు పూడుకుపోయింది. వెనక వరసలోని విలేకరికి వినపడక, మరోసారి అనమన్నాడు. మంత్రిగారు మరోసారి గొంతు పూడ్చుకున్నారు.

అసలు సంగతి చిన్నదే. మంత్రిగారి భార్య కూతురి చిన్నప్పటి వీడియో చూసుకుందామని టీవీకి పెన్‌డ్రైవ్ పెడితే ‘ఈ ఫైలు తెరవడం కుదరదు’ అని వచ్చింది. “ప్రసార శాఖ మంత్రి ఇంట్లో టీవీయే కుదరదంటే ఎలాగండీ?” అని ఆవిడ భోజనాల బల్ల దగ్గర అడిగింది. ఆ ప్రశ్నకు జవాబుగా పుట్టిందే అత్యున్నత స్థాయి ఎంపిక సంఘం.

సంఘంలో పదకొండుమంది పెద్దలు. టీవీ వెనక ఏ వైరు ఎక్కడ గుచ్చాలో తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉంటే బాగుంటుందని ఎవరో నోరుజారడంతో, శాఖలో పరికరాలు బాగుచేసే టెక్నీషియనమ్మను పన్నెండో మనిషిగా వేశారు. ఆరేళ్లుగా ఆవిడది తాత్కాలిక ఉద్యోగం. ఏటా మార్చి చివర తీసేసి, ఏప్రిల్ రెండో వారంలో మళ్లీ తీసుకుంటారు. ఆ పది రోజులూ అత్తగారు ఆవిడతో మాట్లాడటం తగ్గించి, నిట్టూర్చడం పెంచుతారు. పర్మనెంట్ చేసే ఫైలు మంత్రిగారి బల్ల మీదే ఉంది.

“ఆయన ఇంట్లో పని. బాగా చేస్తే కళ్లలో పడతావ్,” అన్నాడు భర్త.

ఆవిడకూ ఆ ఆశే. అందుకే మొదటి సమావేశానికి రెండు ప్లేయర్ పెట్టెలు, ఒక కేబులు సంచిలో వేసుకుని వెళ్లింది.

“పెద్ద చిక్కేం లేదు సార్. నెట్‌లోంచి వచ్చేవీ ఆడాలి, మన దగ్గరున్న ఫైళ్లూ ఆడాలి. పాత రకం ఫైళ్లు కూడా చదవాలి. మంత్రిగారింట్లో వైఫై టీవీకి రెండు గోడల అవతల ఉంది కాబట్టి నెట్ కేబులు గుచ్చుకునే వీలుంటే మంచిది. ఇదిగో, ఈ నల్లదానికి అన్నీ ఉన్నాయి. రేపు మధ్యాహ్నానికి బిగించేస్తాను.”

అధ్యక్షులు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన రిటైరైన ఉన్నతాధికారి.

“రేపు మధ్యాహ్నానికా? మరి మేమెందుకమ్మా?”

నీటిపారుదల ఇంజనీరు అప్పటికే కోపంగా ఉన్నాడు. “ఎజెండాలో స్ట్రీమింగ్ అని రాశారు. ప్రవాహాలన్నీ మా శాఖవి. మమ్మల్ని అడక్కుండా ఎలా మొదలుపెట్టారు?”

“అది నీళ్లు కాదండీ, నెట్.”

“ప్రవహిస్తుందా, లేదా?”

“ప్రవహిస్తుందండీ.”

“అయితే మా అనుమతి తప్పనిసరి. రాసుకోండి.”

రాసుకున్నారు. పార్టీ తరఫు సభ్యుడు లేచాడు. “లోకల్ వీడియోలు అని కూడా ఉంది. చాలా సంతోషం. లోకల్ వాళ్లకి ఎనభై శాతం ఇవ్వాల్సిందే. బయటి సినిమాలకి ఇరవై చాలు.”

“లోకల్ అంటే అది కాదన్నా. ఇంట్లో దాచుకున్నవి.”

పార్టీ సభ్యుడు తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. “మంత్రిగారింట్లో దాచుకున్నవా? ఆ మాట బయట ఎక్కడా అనకు తల్లీ.”

ఆ తరవాత సంఘం అధ్యయన యాత్రకు వెళ్లింది. ఏడు ఊళ్లలో ఏడు హోటళ్లలో బస చేసి, ప్రతి గదిలోనూ టీవీ ఉన్నట్టు గమనించింది. నాలుగు వందల పేజీల నివేదిక మూడో నెలలో వచ్చింది. అందులో సిఫారసు చేసింది మొదటి రోజు సంచిలోంచి తీసిన నల్ల పెట్టెనే. టెక్నీషియనమ్మ పేరు చివరి పేజీలో, టీ ఏర్పాట్లకు కృతజ్ఞతల కింద అచ్చయింది. ఆవిడ ఆ పేజీని అత్తగారికి చూపించలేదు.

ఆదివారం ఉదయం మంత్రిగారి హాల్లో ప్రారంభోత్సవం. విలేకరులు, కెమెరాలు, గోడంత టీవీ. పెట్టె బిగించి పది నిమిషాలు కాలేదు, నెట్ సినిమా అద్దంలా ఆడింది. చప్పట్లు. మంత్రిగారి భార్య పెన్‌డ్రైవ్ పట్టుకుని ముందుకొచ్చింది.

“ముందు ప్రజాసేవ అమ్మా,” అని పీఏ అడ్డం వచ్చి హార్డ్ డిస్క్ అందించాడు. మంత్రిగారు చేసిన ప్రారంభోత్సవాలు అందులో ఉన్నాయి, మొత్తం నలభై మూడు వీడియోలు. ఆసుపత్రి, బడి, గిడ్డంగి, వంతెన, అన్నీ పేర్లతో సహా.

పెట్టె వాటిని చదివింది. కాసేపు చక్రం తిప్పింది. తరవాత గోడంత అక్షరాలతో అడిగింది: ‘ఈ 43 ఫైళ్లలో ఉన్నది ఒకే వీడియో. 42 నకళ్లను తొలగించమంటారా?’

“ఏంటమ్మా ఇది?” అన్నాడు పీఏ.

“మంచి పెట్టె సార్. జాగా వృథా కానివ్వదు,” అంది టెక్నీషియనమ్మ, పనిమీది గర్వంతో. అన్నాక గాని ఆవిడ తెర మీది మాటలు సరిగ్గా చదవలేదు.

మంత్రిగారు మాత్రం తొణకలేదు. “అన్ని చోట్లా ఒకే నిబద్ధతతో చేశాను. ఒకేలా కనపడటం సహజం.”

విలేకరులు చప్పట్లు కొట్టారు.

“ఏదీ, ఒకటి ఆడించు అమ్మాయ్,” అంది మంత్రిగారి భార్య. టెక్నీషియనమ్మ పీఏ వైపు చూసింది, మంత్రిగారి వైపు చూసింది. ఇంత పెద్ద హాల్లో తనను ఆప్యాయంగా పిలిచి అడిగింది మంత్రిగారి భార్య ఒక్కతే. ‘వంతెన’ అన్నదాని మీద నొక్కింది.

ఎర్ర రిబ్బను. కత్తెర. మంత్రిగారి చెయ్యి. వెనక మెట్లు. ఇంతలో నాలుగేళ్ల పిల్ల రిబ్బను కిందనుంచి దూరి, పైకి పరుగెత్తింది.

“మా బుజ్జి!” మంత్రిగారి భార్య రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. “ఏవండీ, నేను మూణ్నెల్లుగా అడుగుతున్నది ఇదే! మన మేడ మీద వాటా కట్టుకున్నప్పటిది. ఆ మెట్లు చూడండి, అవిగో!” అంటూ హాలు మూలనున్న మెట్లు చూపించింది.

కెమెరాలన్నీ మెట్ల వైపు తిరిగాయి.

మంత్రిగారు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. “నా ఇల్లు వేరు, ప్రజల ఇల్లు వేరు అని నేనేనాడూ అనుకోలేదు,” అన్నారు. ఆ గొప్ప మాట మర్నాడు అన్ని పత్రికల్లోనూ మొదటి పేజీలో వచ్చింది. మెట్ల ఫొటో ఎక్కడా రాలేదు.

మంగళవారం టెక్నీషియనమ్మను పర్మనెంట్ చేస్తూ ఉత్తర్వు వెలువడింది. అత్తగారు దాన్ని కళ్లకద్దుకుని, కోడలికి స్వయంగా కాఫీ పెట్టి ఇచ్చారు. భర్త రెండుసార్లు చదివి అడిగాడు: “ఇంతకీ పోస్టింగ్ ఎక్కడ?”

‘నదీతీర ఉపకార్యాలయం, కొత్త వంతెన దాటగానే కుడివైపు’ అని ఉంది.

రెండు బస్సులు మారి, మర్నాడు పొద్దున్న పదిన్నరకు ఆవిడ రేవు చేరింది. ఎదురుగా నది, నిండుగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా అడ్డేమీ లేకుండా పారుతోంది. పడవ దగ్గర నిలబడ్డ పెద్దాయనను అడిగింది.

“బాబాయ్, కొత్త వంతెన ఎటు?”

ఆయన ఆవిడ చేతిలోని కవరు చూశాడు.

“పర్మనెంటా అమ్మా?”

“అవును.”

“ఎక్కి కూర్చో. ఆసుపత్రిలో చేరాల్సిన డాక్టరుగారు కూడా వస్తే బయల్దేరదాం.”