ముందు చెదిరి రండి

మా వీధిలో మురుగు గుంతకు మూత లేదన్న ప్రచారంలో నిజం లేదు. మూత ఉంది. గుంత మీద లేదు, అంతే. అందులో పడి మా దర్జీ తాత కుడికాలు విరగ్గొట్టుకున్నాడు. మిషను తొక్కే కాలు అదే. అయినా ఆయన బెంగంతా మనవరాలి మీద. ఆ పిల్ల బడికి వెళ్లేది ఆ దారినే మరి. ర్యాలీగా మునిసిపల్ ఆఫీసుకు వెళ్దామన్నాడు. సరేనని అనుమతి అడగడానికి ఆయన్నే పంపాం.

అధికారిగారు చదువుకున్నవారు. తంటా అక్కడే వచ్చింది.

"ర్యాలీ ఎక్కడిదనుకున్నావ్? ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. చెదిరినవాళ్లు మళ్లీ చేరడం. మీరెప్పుడు చెదిరారు?"

"చెదరలేదండీ, అందరం ఒకే వీధి."

"మరి మళ్లీ ఎలా చేరతారయ్యా? ముందు చెదిరి రండి."

"పోనీ, పెరేడ్ అని రాసుకోండి బాబూ."

"అంటే ముస్తాబై చూపించుకోవడం. ఆ కట్టుతోనా?"

"మార్చ్ అంటే?"

"దాని పుట్టుకే సరిగ్గా తేలలేదు. కొందరు తొక్కడం అంటారు. ప్రభుత్వ రోడ్డును తొక్కమని నేను సంతకం పెట్టాలా?"

ఈ జ్ఞానం వీధికి చేరింది. రిటైరైన హెడ్మాస్టరుగారు శుభ్రంగా 'ఊరేగింపు' అనాలన్నారు. "ఎవర్ని ఊరేగిస్తారు, గుంతనా?" అన్నాడు మందుల షాపాయన. వారం తిరక్కుండా ర్యాలీకొకటి, ఊరేగింపుకొకటి రెండు సంఘాలు, రెండు బోర్డులు వెలిశాయి. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశాం. అధికారిగారు ఎంత సంతోషించారో! "ఇప్పుడు అర్హులయ్యారు" అని వెంటనే సంతకం చేశారు.

ర్యాలీ రోజున తాత ఒక్కడే చంకలో కర్రతో బయల్దేరాడు.

"ఒక్కడివే వచ్చావేం? మిగతావాళ్లకి ఇబ్బంది లేదన్నమాట," అంటూ అధికారిగారు ఆ మాటే ఫైల్లో రాసుకున్నారు.

మర్నాటినుంచి తాత గుంత పక్కనే స్టూలు వేసుకుని చేత్తో గుండీలు కుడుతున్నాడు. "చూసుకో తల్లీ, ఇటు పక్కగా రా," అని వచ్చేపోయేవాళ్లకి చెబుతున్నాడు. అప్పటినుంచి ఒక్కరూ పడలేదు. ఇంత చక్కని ఏర్పాటు ఉండగా మూత దేనికని మేమూ ఊరుకున్నాం.

నిన్నటినుంచి వాన పట్టుకుంది. పాపం, తాతకు గొడుగు కొనివ్వాలని రెండు సంఘాలూ కలిసి తీర్మానించాయి. 'గొడుగు' అని రాయాలా, 'ఛత్రం' అని రాయాలా అన్నదగ్గర ఆగింది. ఓట్లు సరిసమానం. తాత తడుస్తున్నాడు, మీరు ఏ పక్షమో తొందరగా చెప్పండి.